రంగము పోయినవారికి తిలోదకము

మహాభారతమునందు స్త్రీపర్వము చిన్నది. పురాణకాలక్షేపము చేయువారు యుద్ధపర్వములు ముగించి శాంతిపర్వమునకు త్వరపడుచు దీనిని ఒకటి రెండు దినములలో దాటించివేయుదురు. ఏడుపుల పర్వమని కొందరు ఇండ్లలో చదివింపనే చదివింపరు. కాని గృహస్థుడు తప్పక తెలిసికొనవలసిన ధర్మమొకటి ఈ పర్వము చివర ఉన్నది.

కురుక్షేత్రములో యుద్ధము ముగిసినది. ధృతరాష్ట్రుడు ధర్మరాజును పెక్కు ప్రశ్నలడిగెను. చనిపోయినవారెందరు, మిగిలినవారెందరు, పోయినవారు ఏ లోకములు చేరిరి అని అడిగి, కట్టకడపట ఒక మాట అడిగెను: నావారని చెప్పి సంస్కారము చేయుటకు ఎవ్వరును లేనివారి గతి ఏమి? ధర్మరాజు ఈ ప్రశ్నకు మాటలతో కాక పనితో బదులు చెప్పెను. విదురుని, సంజయుని, ధౌమ్యుని, కౌరవుల పురోహితుడైన సుధర్ముని పిలిచి, ఒక్క శరీరమైనను అనాథవలె నశింపరాదని ఆజ్ఞాపించెను. వారు చందనము, అగరు, నేయి, నూనె, వస్త్రములు తెచ్చిరి. కట్టెలతోబాటు విరిగిన రథములను, ఆయుధములను కూడ చితులకు చేర్చిరి. రాజులకు వేరువేరుగ సంస్కారములు జరిగినవి. నానాదేశములనుండి వచ్చి, పేరు చెప్పువారు లేక పడియున్న సైనికులను సైతము విదురుడు విడిచిపెట్టలేదు. వారిని వేలకొలది ఒకచోట చేర్చి, నూనెలో తడిపిన కట్టెలతో అగ్నిసంస్కారము చేయించెను.

తరువాత అందరును గంగకు పోయిరి. తిలోదకములు విడుచు సమయమున కుంతీదేవి నోరు విప్పినది. కర్ణుడు మీ అన్న, అతనికి కూడ నీరు విడువుడని ఏడ్చుచు చెప్పినది. అంతవరకు కుటుంబగౌరవమునకై దాచిన పేరు అది. ధర్మరాజు దుఃఖించెను, తల్లిని నిష్ఠురమాడెను, కాని నీరు విడుచుట మానలేదు. కర్ణుడు ఏ పక్షమున నిలిచి పోరాడెనను ప్రశ్న ఆ గంగాతీరమున పుట్టలేదు. తిక్కనసోమయాజి తెలుగున చెప్పిన పదునైదు పర్వములలో ఇదియు ఒకటి గనుక మనవారు ఇంటనే చదువుకొనవచ్చును.

చనిపోయినవారిలో ఈ రెండు విధములవారు, అనగా ఎవ్వరును లేనివారు, ఉండియు మరుగుపడినవారు, మన కోస్తాజిల్లాల కుటుంబములలో లెక్కకు మిక్కిలిగా కలరు. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి పూర్వము మనవారు ఓడలెక్కి బర్మాకు పోయెడివారు. కోరంగి రేవునుండి పోయినవారి మూలమున ఆ దేశములో తెలుగువారికి కోరంగీలనియే పేరు వచ్చినది. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, బండ్లు లాగినవారు, లెక్కలు వ్రాసినవారు, అందరును ఉండిరి. పల్లెలలో రంగూనును రంగము అనెడివారు. ‘రంగము పోయినాడు’ అన్నచో వైష్ణవుల చెవికి శ్రీరంగము తోచును. ఆ యింటి ఇల్లాలికి మాత్రము సముద్రము తోచును.

1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చి 8న నగరము వారి వశమైనది. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. తక్కిన లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరిరి. కొందరు తౌంగప్ కనుమ దాటి అరకాను మీదుగా చిట్టగాంగు వైపునకు, కొందరు చింద్విన్ నది దాటి తమూ మీదుగా మణిపురమునకు, మరికొందరు హుకాంగ్ లోయగుండ అస్సామునకు నడచిరి. కలరా, మలేరియా, ఆకలి ఆ దారులలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నవి. వారు పోయిన తిథి ఎవరికి తెలియును? ఇక్కడ ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై కూడ బాంబులు పడగా, తీరమునందలి కుటుంబములే ఊళ్ళు విడిచి లోపలి గ్రామములకు పోయిన రోజులవి.

మా పితామహుని తమ్ముడు ఆ దారిలో నడచినవారిలో ఒకరు. ఆయన అధ్యాపకత్వము దొరకక, బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయుటకు రంగము పోయెనట. నేను పుట్టుటకు చాల పూర్వపు సంగతి. అగ్రహారములో అది పెద్ద దుమారమైనది. సముద్రయానము నిషిద్ధమని, ఆయనతో పంక్తిభోజనము కూడదని పెద్దలు తీర్మానించిరి. అయితే ఆయన పంపిన మనియార్డరులను కాదన్న పెద్ద ఒక్కడును లేడని మా బామ్మ నవ్వుచు చెప్పెడిది. 1942 వేసవిలో తోటి ప్రయాణికుడొకడు ఊరు చేరి, అరకాను కొండల దారిలో ఒక ఏటి ఒడ్డున ఆయనను జ్వరముతో చూచితినని చెప్పెను. అంతకుమించి వార్త లేదు.

ఆయన భార్యను మేము చిన్నబామ్మ అనెడివారము. ఆమె పండ్రెండేండ్లు పసుపుకుంకుమలతో ఉన్నది. శాస్త్రము చెప్పిన గడువు అదియే. దేశాంతరగతుడై, వార్త తెలియని వానికొరకు పండ్రెండు సంవత్సరములు వేచి, పిదప దర్భలతోను, మూడువందల అరువది మోదుగ కాడలతోను ఆకృతి చేసి సంస్కరింపవలెను. ఆ గడువు తీరిన 1954లో మరల అగ్రహారములో వాదము లేచినది. ప్రాయశ్చిత్తము లేనివానికి సంస్కారమేమిటని కొందరు, తిథి తెలియనిదే ఆబ్దికమెట్లని కొందరు అనిరి. అప్పుడు మా నాయనగారి గురువు, కన్నులు కనిపింపని వృద్ధుడు, చిన్నబామ్మను పిలిపించి ఒకేయొక ప్రశ్న అడిగెనట: ‘అమ్మా, ఇల్లు విడిచినది ఏనాడు?’ ఆమె తడుముకొనక కార్తిక బహుళ దశమి అని చెప్పినది. మృతతిథియు మాసమును తెలియనప్పుడు ఇల్లు విడిచిన మాసతిథులను గ్రహింపవచ్చునని ధర్మశాస్త్రమున్నది. గురువుగారు ఆ వచనము చెప్పి, ప్రాయశ్చిత్తము మాట ఎత్తినవారితో, పాపమున్నదందురా, అట్లయిన నీరు మరింత అవసరము గదా అనెను. ఆ దశమినాడే మా యింట నేటికిని ఆబ్దికము జరుగుచున్నది.

కొందరు శ్రీవైష్ణవగృహస్థులు ఇక్కడ ఒక సందేహము తెత్తురు. శరణాగతి చేసినవాడు పరమపదము చేరును గదా, అతనికి నువ్వులు నీళ్ళతో పని యేమి అని. పని అతనికి కాదు, మనకు. శ్రాద్ధము భగవదాజ్ఞ, పితృదేవతలకు అంతర్యామియైన నారాయణునకే అది చెందును, మనము చేయునది కైంకర్యము. ఇంతకును ఆ స్వామియే చేసి చూపెను. సీతాదేవికై పోరాడి రెక్కలు తెగి పడిన జటాయువునకు శ్రీరామచంద్రుడు స్వహస్తముతో అగ్నిసంస్కారము చేసి, తమ్మునితో గోదావరికి పోయి ఉదకము విడిచెను. అయోధ్యలో తండ్రికి దహనసంస్కారము చేయు భాగ్యము తనకు కలుగలేదు. అడవిలో ఒక పక్షికి కొడుకై నిలిచెను. భద్రాచలసమీపమున ఎటపాక అను గ్రామమును మనవారు ఆ జటాయువు పడిన చోటని చూపుదురు.

స్వస్థలము విడిచిపోవుట కూడ మన సంప్రదాయములో నామోషీ కాదు. 1323లో ఢిల్లీ సైన్యము శ్రీరంగముపై పడినపుడు ఉత్సవమూర్తియైన నంబెరుమాళ్ళు దేవాలయము విడిచెను. ఆయనతో నడచిన పిళ్ళైలోకాచార్యులు ఆ ప్రయాణములోనే మధుర దగ్గర జ్యోతిష్కుడిలో పరమపదించెను. స్వామి ఊరూరు తిరిగి, కొంతకాలము తిరుమలకొండపై ఉండి, 1371లో గోపన్న దండనాథుని పూనికతో శ్రీరంగము చేరెను. తిరుమలలో రంగనాయకుల మండపము దాటి లోనికి పోవు యాత్రికులు ఒక్క క్షణము నిలిచి దీనిని తలచుకొందురుగాక. పరదేశములో తనువు చాలించిన ఆచార్యుని ప్రతిదినము తలచు మనము, పరదేశములో పోయిన తాతను తలచుటకేల సంకోచింపవలెను?

ఇక యుద్ధమునకు పోయినవారి మాట. 1945 నాటికి భారతసైన్యములో ఇరువదియైదు లక్షలమంది ఉండిరి. సుమారు 87 వేలమంది తిరిగి రాలేదు. మద్రాసు శాపర్లని పేరుపొందిన దళములలో మన తెలుగుబిడ్డలు బర్మా అడవులలో వంతెనలు కట్టిరి, దారులు వేసిరి. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము దగ్గర మాధవరము అను ఊరున్నది. పూర్వమొక రాజు కళింగమునుండి యోధులను తెచ్చి అక్కడ నిలిపెనని ఆ ఊరివారి చెప్పికోలు. వలసవచ్చిన ఆ కుటుంబములనుండి రెండు ప్రపంచయుద్ధములకును మగవారు తరలిపోయిరి. మిలిటరీ మాధవరమని ఊరికి పేరే మారినది. అక్కడ పోయినవారి పేరు దాచరు, స్తంభము కట్టి నిలిపికొన్నారు. అన్ని ఊళ్ళును అట్లు లేవు. తెల్లదొరల జీతమునకు పోరాడెనని కొన్ని ఇండ్లలో మిలిటరీ దుస్తుల ఫొటోను స్వరాజ్యము వచ్చిన పిదప గోడనుండి దించి పెట్టెలో పెట్టిరి. ఆజాదు హిందు ఫౌజులో చేరినవాని ఇంట, ప్రభుత్వము వారికి తెలియునను భయముతో అంతకుముందే దించిరి. ఒకే ఇంట అన్నయొక పక్షము, తమ్ముడొక పక్షము అయినచోటు కూడ ఉండవచ్చును. యుద్ధము న్యాయమా అన్యాయమా అని చరిత్రకారులు తేల్చుకొందురు. గంగాతీరమున ధర్మరాజు తేల్చుకొన్న తరువాత నీరు విడువలేదు.

రంగూనునకు ఉత్తరముగ సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున తౌక్యాన్ అను చోట యుద్ధస్మశానమున్నది. అందలి స్తంభములపై సమాధి తెలియని సుమారు 27 వేలమంది సైనికుల పేర్లు చెక్కియున్నవి. తమ ధర్మము ననుసరించి దహనసంస్కారము పొందిన వేయిమందికి పైగా సైనికులకు అక్కడనే మరియొక స్మారకమున్నది. పరాయివారు రాతిపై చెక్కి నిలిపిన పేరు సొంత ఇంట సంకల్పములో వినబడకపోవుట న్యాయము కాదు.

భాద్రపద బహుళపక్షము, మహాలయము, ఇందుకు ఏర్పడిన కాలము. తలిదండ్రుల వంశములవారికే గాక పినతండ్రులకు, మేనమామలకు, మేనత్తలకు, గురువులకు, స్నేహితులకు, కారుణ్యపితరులను పేర అప్పుడు నీరు విడుతుము. ఆయుధముచేత మరణించినవారికి ఆ పక్షమున చతుర్దశి ప్రత్యేకింపబడినది. సైనికుడై పడినవానికి, బాంబు దాడిలో పోయినవానికి ఆ దినము. దారిలో ఆకలిచేతనో జ్వరముచేతనో పోయి, ఏ వివరమును తెలియనివారికి అమావాస్య. మహాలయమునకు ముందుగనే ఇంటిలోని ముదుసలి స్త్రీలనడిగి పేర్లు వ్రాసికొనుడు. పురుషులకు గోత్రము తెలియును, పేర్లు మాత్రము ఆడువారికే తెలియును; ఇది నా అనుభవము. విశాఖపట్నములో కంచరపాలెము దగ్గర బర్మాక్యాంపు అను పేట ఉన్నది. 1962 తరువాత బర్మానుండి తరలివచ్చిన కుటుంబములు అక్కడ స్థిరపడినవి. అట్టి ఇండ్లలోని వృద్ధులకు ఇరావతీతీరపు ఊళ్ళ పేర్లు కూడ నోటికి వచ్చును. అవియు వ్రాసికొనుడు.

గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రము చెప్పవచ్చును. పేర్లే తెలియనిచో పురోహితుని అడిగి ఊరకుండవలదు, దానికిని దారి ఉన్నది. పేరు తెలియని తండ్రిని పృథివీషత్తు అని, తాతను అంతరిక్షసత్తు అని, ముత్తాతను దివిషత్తు అని పిలువవలెను; అనగా భూమియందున్నవాడు, ఆకాశమందున్నవాడు, ద్యులోకమందున్నవాడు.