యాభై పైసల నాణెము – సునాద సంవత్సరము

వాక్యభాగము: లేవీయకాండము 25:8-13



మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి 50 ఏండ్లయిన సందర్భముగా 1997లో ప్రభుత్వము ఒక యాభై పైసల నాణెము వేసినది. ఒక ప్రక్క సింహముల ముద్ర. రెండవ ప్రక్క దండియాత్ర బొమ్మ: గాంధీగారు, ఆయనతో నడచుచున్న జనులు. ఉప్పు పన్నును ఎదిరించి 1930లో వారు సబర్మతి నుండి దండి వరకు 24 దినములు నడిచారు. బడిపిల్లలకు చూపించుటకు అప్పట్లో నేనొక నాణెము దాచుకొన్నాను.

మొన్న బీరువా సర్దుచుండగా అది పాత డబ్బాలో కనబడినది. మనవడు దానిని అంగడికి పట్టుకొనిపోయి చాక్లెటు అడిగితే కొట్టు యజమాని నవ్వి తిరిగి ఇచ్చాడట. పావలా, అంతకు తక్కువ నాణెములు 2011 జూన్ 30తో రద్దయినవి గాని యాభై పైసలు రద్దు కాలేదు. చట్టములో చెల్లును, బజారులో చెల్లదు.

యాభై అనగానే మనకు లేవీయకాండము జ్ఞాపకము రావలెను గదా! ఏడేసి సంవత్సరములు ఏడు మారులు లెక్కించి, యాభైయవ సంవత్సరమున దేశమంతటా విడుదల చాటింపుమని దేవుడు ఆజ్ఞాపించెను. ఆ శృంగనాదము చేయవలసినది ఏ దినమున? ప్రాయశ్చిత్తార్థ దినమున. ముందు దేవుడు క్షమించును, ఆ దినముననే దాసుడు విడుదల పొందును. ఇది నేను ఎన్నో మారులు చదివియు గమనించని సంగతి.

ఆ సంవత్సరమున ఎవని భూమికి వాడు, ఎవని కుటుంబమునకు వాడు తిరిగి వెళ్లవలెను. చిత్తూరు వైపు నుండి కోలారు గనులకు వచ్చిన మనవారికి తిరిగి వెళ్లుటకు భూమి ఎక్కడిది? 2001లో ఆ గనులు కూడ మూతబడినవి. మనకు మిగిలిన కుటుంబము సంఘమే.

ఇప్పుడు ఆ డబ్బాలోని రెండవ వస్తువు సంగతి చెప్పవలెను. నాణెము క్రింద ఒక ప్రోనోటు ఉన్నది. కుమార్తె పెండ్లికి మన సహోదరుడొకరు నా యొద్ద ఎనిమిది వేలు తీసికొని వ్రాసి ఇచ్చినది. తీర్చలేకపోయారు. నేను గట్టిగా ఏమియు అనలేదు. ఆరాధన తరువాత కరచాలనము చేయుట మాత్రము మానుకొన్నాను. కొంతకాలమునకు ఆయన గుడికి రావడమే మానివేశారు. ప్రోనోటుకు మూడేండ్లే గడువని నాకు తెలియును. ఈ కాగితము కోర్టులో ఎన్నడో చెల్లకుండ పోయినది. నా మనస్సులో మాత్రము పైసాతో సహా చెల్లుచునే ఉన్నది. ఏడేండ్లకొకసారి అప్పులు విడిచిపెట్టుమని ద్వితీయోపదేశకాండము 15లో ఉన్నది. దానిమీద నేనే రెండు మారులు ప్రసంగించితిని.

నజరేతులో ప్రభువు హితవత్సరమును గూర్చి చదివి, అది నేడే నెరవేరినదని చెప్పెను (లూకా 4). నేడే అన్న ఆ మాట నన్ను కూర్చోనియ్యలేదు.

శనివారము సాయంకాలము ఆయన ఇంటికి వెళ్లాను. నన్ను చూచి, "రెండు వేలు సర్దాను అయ్యగారూ, ఉండండి" అని లోపలికి పోబోయారు. చేయి పట్టుకొని ఆపి కాగితము ఆయన చేతికిచ్చాను. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొన్నారు. ఇద్దరమును చాలాసేపు మాటలాడలేదు. అమ్మగారు టీ తెచ్చారు.

మరునాడు ఆయన గుడికి రాలేదు. మూడవ బల్లమీద ఆయన చోటు ఇంకను ఖాళీగానే ఉన్నది. ఆయన కొరకును నా కొరకును ప్రార్థించండి.