జ్ఞానులు చూడటానికే బయల్దేరారు

గుడికి మొక్కడానికి వచ్చేవాళ్లకంటే చూసిపోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువైతే అది ఇంకా గుడేనా? కాదంటాడు మా నాయన. సూళ్లూరుపేటలో మా లూథరన్ సంఘానికి పెద్ద ఆయన. నేను అవునంటాను. పోయిన క్రిస్మస్‌కి కొలోన్ కథీడ్రల్ చూసొచ్చాక ఆ మాట ఇంకా గట్టిగా అంటున్నాను.

శ్రీసిటీలో నేను క్వాలిటీ ఇంజినీరుని. నాతో ఒకే షిఫ్టులో పనిచేసిన ముగ్గురు ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్లారు. వాళ్లు రమ్మంటే సెలవు పెట్టి పోయాను. మా ఊళ్లో డిసెంబరంటే సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి దాకా క్యారల్ రౌండ్లు, వెదురుబద్దలతో కట్టిన స్టార్లు. అక్కడ పండగపూట దుకాణాలన్నీ మూత, వీధుల్లో మనిషి లేడు. నేను మోసుకెళ్లిన రాగిపిండితో సంగటి కెలికి, కోడికూర వండుకుని, నలుగురం ఒక చిన్న గదిలో పండగ చేసుకున్నాం. మర్నాడు, 26 కూడా అక్కడ సెలవే, కథీడ్రల్‌కి బయల్దేరాం.

రైల్వేస్టేషన్‌లోంచి బయటికి అడుగుపెడితే ఎదురుగా అదే. 157 మీటర్ల జంట శిఖరాలు. 1248లో మొదలుపెట్టి, మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు ఆపేసి, 1880కి ముగించారు. ఆగిన పనిని 1842లో మళ్లీ ఎత్తుకున్నప్పుడు ఆ కాథలిక్ గుడికి పునాదిరాయి వేసింది ఒక ప్రొటెస్టెంట్ రాజు. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం. హెర్మన్స్‌బర్గ్ మిషను దొరలు 1860ల్లో జర్మనీ నుంచి మా వైపు వచ్చి సువార్త చెబుతున్ననాటికి ఈ గుడి ఇంకా పూర్తికాలేదు.

లోపల ఇసకేస్తే రాలనంత జనం. తిరుమల క్యూలు చూస్తూ పెరిగినవాళ్లం మేం, మాకు జనం కొత్త కాదు. కానీ తిరుమలలో అందరి మొహాలూ ఒకే వైపు ఉంటాయి. ఇక్కడ తలా ఒక దిక్కు చూస్తున్నారు. ఎర్ర అంగీలు తొడుక్కున్న కాపలావాళ్లు ఆరాధన జరిగేంతసేపూ చూడవచ్చినవాళ్లను ఆపి, అవగానే వదులుతారు. 2007లో గెర్హార్డ్ రిక్టర్ చేసిన అద్దాల కిటికీ కింద ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. 72 రంగుల్లో 11,263 గాజు చదరాలు, అందులో ఏ భక్తుడి బొమ్మా లేదు, ఏ కథా లేదు.

ఎటు తిరిగినా అందరూ చేరేది ప్రధాన బలిపీఠం వెనకున్న బంగారు పెట్టె దగ్గరికే. పసి యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల అస్థికలు అందులో ఉన్నాయని కాథలిక్కుల నమ్మకం. 1164లో ఆర్చిబిషప్ రైనాల్డ్ మిలాన్ నుంచి తెచ్చాడు. వాటికోసం యాత్రికులు వచ్చారు, ఆ యాత్రికులకు తగ్గట్టు ఇంత గుడి లేచింది. లూథరన్ ఇంట్లో పుట్టినదాన్ని, నేను అస్థికలకు మొక్కను. పైగా మత్తయి సువార్తలో వాళ్లు ముగ్గురని లేదు, రాజులని లేదు, పేర్లూ లేవు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు, అంతే.

మాలో ఒకడు పుత్తూరు పిల్లోడు, వెంకన్న భక్తుడు. "అక్కా, చెప్పులు యాడ వదలాల?" అని చెవిలో అడిగాడు. ఇక్కడ ఎవరూ వదలరురా అన్నాను. బూట్లతో దండం పెట్టడానికి వాడికి మనసొప్పలేదు. స్తంభం పక్కకు జరిగి, బూట్లు విప్పి, మేజోళ్లతో ఆ చలిరాయి మీద నిలబడి చేతులు జోడించాడు. జనం తోసుకుంటూ పోతూనే ఉన్నారు. బయటికొచ్చాక, ఆ పెట్టెలో ఉండేది ఏ దేవుడని అడిగాడు. దేవుడు కాదు, దేవుణ్ని చూడటానికి అంత దూరం నుంచి వచ్చినవాళ్లు అన్నాను. "అయితే మన మాదిరే" అన్నాడు.

ఆ మాట నన్ను మళ్లీ మత్తయి రెండో అధ్యాయానికి తీసుకుపోయింది. క్రీస్తు ఎక్కడ పుడతాడని హేరోదు రాజు అడిగితే ప్రధానయాజకులూ శాస్త్రులూ తడుముకోకుండా బేత్లెహేము అని చెప్పారు. లేఖనం వాళ్లకు నోటికొచ్చు. యెరూషలేము నుంచి అక్కడికి రెండు మూడు గంటల నడక. వాళ్లలో ఒక్కరు కూడా వెళ్లినట్టు మత్తయి రాయలేదు. వెళ్లినవాళ్లు పరాయి దేశస్థులు, నక్షత్రాలు చూసేవాళ్లు. చూశారు, సాగిలపడ్డారు, కానుకలిచ్చారు, వేరే దారిన తిరిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత వాళ్లు ఏ మతంలో ఉన్నారని మత్తయి అడగలేదు. మనం ఎందుకు అడగాలి?

నాయన ఒప్పుకోడు. జ్ఞానులు సాగిలపడ్డారు, వీళ్లు సెల్ఫీ తీసుకున్నారు, రెండూ ఒకటెట్లా అవుతాయంటాడు. అందులో నిజముంది. తిరుమలలో గుడిలోపలికి ఫోను రానివ్వరు కాబట్టే, దొరికిన ఆ ఒక్క క్షణం చూపంతా స్వామి మీదే ఉంటుంది. ఫోనులో చూసేవాడు చూడటాన్ని తర్వాతకు వాయిదా వేస్తున్నాడు, అది నాకూ బాధే. కానీ గుమ్మం దగ్గర ఆపవలసింది ఫోనుని, మనిషిని కాదు. ఎందుకొచ్చావని మనిషిని అడిగే హక్కు ఎవరికీ లేదు. మా ఊరి చెంగాళమ్మ గుడికి రాత్రిళ్లు కూడా తలుపులు వేయరు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే ముందు ఇస్రో పెద్దలు వచ్చి మొక్కుతారు. హైవే మీద పోయే లారీ డ్రైవరూ ఆగి వస్తాడు. నమ్మకమెంతుందో కొలిచి ఎవరినీ లోపలికి పంపరు.

ఈ డిసెంబరులో మా గుడిలో కట్టే క్రిస్మస్ పశువుల పాక చూస్తామని శ్రీసిటీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు కొందరు అడిగారు. ఒక్కరూ క్రైస్తవులు కారు. ఆరాధన ముగిశాక రమ్మను అంటాడు నాయన. ఆరాధన జరుగుతుండగానే రావాలని, ముందు వరసలో కూర్చోవాలని నేను పట్టుబట్టాను. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించే పూచీ నాది. ఈ ఆదివారం సంఘ కమిటీ కూర్చున్నప్పుడు ఇదే అడగబోతున్నాను.