అభయం ఎవరికి?

గూడూరులో ఉండేవాళ్ళకు పులికాట్ సరస్సు దూరం కాదు. సూళ్ళూరుపేటలో రైలు దిగి, సరస్సు నడుమగా శ్రీహరికోటకు వేసిన రోడ్డు పట్టుకుంటే చాలు. పోయిన పుష్యమాసంలో ఒక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, అటకానితిప్ప దాకా నడిచాను. ఎండ పొడిచాక ఫ్లెమింగోలు కనిపించాయి. వంకర ముక్కును తలకిందులుగా బురదనీటిలో ముంచి, వడగట్టి, నాచునూ సన్నని రొయ్యజాతి జీవులనూ మింగే పక్షులవి. ఆ మేతలోని రంగే వాటి ఈకలకు పట్టి గులాబి అవుతుంది. సాహిత్యం బోధించేవాణ్ణి గనక, ఆకలిలోంచి అందం పుడుతున్నదన్న ఊహ నాకు నచ్చింది. దాన్ని నెమరేసుకుంటూ నడిచాను.

మరికాస్త దగ్గరగా చూద్దామని గట్టు దిగాను. ఒక యానాది స్త్రీ తాటాకు బుట్టను పళ్ళతో కరిచిపట్టుకుని, రెండు చేతులతో బురద తడిమి రొయ్యలు ఏరుతున్నది. పక్షులు బెదురుతాయి, కాస్త పక్కకు జరగమ్మా అన్నాను. ఆమె బుట్టను చేతిలోకి తీసుకుని, ‘మమ్మల్ని చూసి లేవవు సామీ, రోజూ చూసేవే గదా. మీ తెల్లచొక్కాకు లేస్తాయి’ అన్నది. నేను రెండడుగులు వేసేసరికి మంద అంతా లేచిపోయింది.

ఆమెను జరగమనటానికి నాకున్న హక్కేమిటి? నేను అక్కడినుంచి ఏమీ తీసుకుపోవటం లేదు గనక నిర్దోషిననీ, ఆమె తీసుకుపోతున్నది గనక అపరాధి అనీ నాకు తెలియకుండానే తీర్పు చెప్పేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత, 1976లో పులికాట్‌నూ నేలపట్టునూ పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు. అది మంచిపనే. హద్దుల లోపలివాళ్ళ హక్కులను కలెక్టరు విచారించి తేల్చాలని కూడా ఆ చట్టంలో ఉన్నది. కాని చట్టం కన్న ముందు చూపు పనిచేస్తుంది. బైనాక్యులర్ పట్టినవాడు మిత్రుడు, బుట్ట పట్టింది దొంగ. యానాదులకు ఈ చూపు కొత్తది కాదు. తెల్లవాళ్ళ కాలంలో వారిలో కొందరి మీద నేరస్థజాతుల చట్టం ముద్ర వేసింది. 1952లో గాని అది రద్దు కాలేదు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక, ఆ దీవి వదిలి రావలసివచ్చినవారిలోనూ వారున్నారు.

మనిషికి తిండిలేని చోట పిట్టల గొడవేమిటని మన మిత్రులు కొందరంటారు. అదీ నాకు సమ్మతం కాదు. మనకు దక్షిణాన ఉన్న వేడంతాంగల్‌లో, పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్ళు పొలానికి ఎరువని తెలిసిన రైతులు, ఏ చట్టమూ లేని రోజుల్లోనే పక్షులను కాపాడుకున్నారు. పులికాట్‌కు అసలు ముప్పు ఎటునుంచో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. ఈ సరస్సుకూ చిలక సరస్సుకూ 1000 మీటర్ల లోపల పారిశ్రామిక రొయ్యల చెరువులు ఉండరాదన్నది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి తీరాన ఆ సాగుకు మళ్ళీ దారి ఇచ్చింది. పెట్టుబడికి ఇంత త్వరగా దొరికిన అభయం బుట్టకు ఎందుకు దొరకలేదు?

అయితే నా తప్పు అంతా ఈ లెక్కలో లేదు. పక్షులను చూడాలన్న కోరిక తప్పు కాదు. ఆదివారం తీరిక ఉంటే ఆమెకూ ఉండవచ్చు. చూడబోయే దృశ్యంలో శ్రమ కనిపించకూడదని కోరాను చూడండి, అదీ తప్పు. ఈ చూపు నాకు ఎక్కడిది? తరగతిలో ఏళ్ళ తరబడి ప్రబంధాల సరోవర వర్ణనలు చెబుతున్నాను. హంసలూ పద్మాలూ తుమ్మెదలూ ఉంటాయి. ఆ నీళ్ళలో దిగి పొట్టపోసుకునేవాడు అరుదు. ఆ లోటు ఒక్కనాడూ విద్యార్థులకు ఎత్తిచూపలేదు, వాళ్ళూ అడగలేదు.

తిరుగుదోవలో ముదురురంగు దుప్పటి కప్పుకుని గట్టు మీదనే నిలబడ్డాను. చాలాసేపటికి మంద మునుపటి చోటనే వాలింది. ఆమె తలెత్తలేదు. బుట్ట ఇంకా సగం కూడా నిండినట్టు లేదు.