అంగటిలో నిద్రించువాని రాత్రి ఎవరిది?

వర్తకము జరుగు ప్రతి పట్టణములోను ఒక పరిపాటి కలదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు సరుకు లారీ రావలసియుండును. దానిని దింపించుకొనవలసిన కుర్రవాని ఇల్లు ఊరికి పది కిలోమీటర్ల దూరమున నుండును. రాత్రి కొట్టు కట్టిన పిమ్మట అతనికి బస్సు దొరకదు. నాలుగింటికి ముందుగా తెచ్చి దింపు బస్సు అసలే లేదు. కావున అతడు బస్తాల ప్రక్కన చాప పరచుకొని అంగటిలోనే పండుకొనును. యజమానికి వేళకు మనిషి దొరకును. పనివానికి దారిఖర్చు, శ్రమ తప్పును. ఇరువురకును అనుకూలమైన ఈ ఏర్పాటులో ధర్మసందేహమేమున్నదని చదువరులు అడుగవచ్చును. ఉన్నది. ఆ రాత్రి ఎవరిది?

యజమాని పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. "నేను నీడనిచ్చితిని, పంకా ఇచ్చితిని, త్రాగునీరు ఇచ్చితిని. నిద్రించుట పని కాదు. నిద్రకు జీతమేమిటి?" అని ఆయన అనును. పనివాని పక్షమున గూడ న్యాయమున్నది. అతడు ఆ రాత్రి భార్యాబిడ్డల వద్ద లేడు. కన్ను మూసినను చెవి తలుపు మీదనే యుండును. ఎలుక కదిలినను, ఎవరైన తలుపు తట్టినను లేవవలసినవాడు అతడే. అట్టి నిద్రను విశ్రాంతి యందుమా, కావలి యందుమా?

ఈ ప్రశ్న న్యాయస్థానములకు గూడ వెళ్లినది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున ఫోర్ట్‌వర్త్ నగరములోని ఒక మాంసపు కర్మాగారమున కొందరు పనివారు అగ్నిప్రమాదము జరిగినచో ఆర్పుటకై వారమునకు మూడు నాలుగు రాత్రులు అక్కడనే పరుండెడివారు. వేచియుండు కాలము పనికాలము కాజాలదను నియమమేదియు లేదనియు, ఆయా పరిస్థితులను బట్టి నిర్ణయింపవలెననియు ఆ దేశపు సుప్రీంకోర్టు 1944లో చెప్పినది. జర్మనీలోని కీల్ పట్టణమున ఆసుపత్రిలో రాత్రి ఉండవలసిన వైద్యుని విషయములో ఐరోపా న్యాయస్థానము 2003లో మరింత స్పష్టముగా పలికినది: పడక ఇచ్చినను, అతడు నిద్రించినను, ఆసుపత్రిలో ఉండి తీరవలసిన కాలమంతయు పనికాలమే. ఐనను బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో వేరొక దారి పట్టినది. ఇతరుల సంరక్షణ అవసరమైనవారికి తోడుగా రాత్రి పండుకొను సేవకులకు మేల్కొని పనిచేసిన సేపునకే కనీస వేతనము లెక్కింపవలెను గాని, నిద్రకు కాదనెను. ఇంతటి పెద్దల తీర్పులే ఒక్కటిగా లేనప్పుడు, చట్టము వచ్చి మన సందేహము తీర్చునని కూర్చుండరాదు.

మన పెద్దలు చెప్పిన కొలత మనకు కలదు. ఇయ్యని వస్తువును తీసికొనుట అదత్తాదానము. పనివాడు పగటి శ్రమను జీతమునకు ఇచ్చెను, రాత్రిని ఇచ్చెనా? అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో అతిభారారోపణ మొకటి. ఎద్దు వీపున మోయలేని బరువు వేయరాదని మనమందరము ఎరుగుదుము. నిద్ర చాలని మనిషి వీపున తెల్లవారుజామున ఏబది కిలోల బస్తా వేయుటయు అట్టిదే యని నా అభిప్రాయము.

అట్లని పనిచోట నిద్రించుటయే దోషమనను. రైల్వేవారిని చూడుడు. బండి నడుపువాడు పరాయి ఊరు చేరినపుడు రన్నింగ్ రూములో విశ్రమించి, మరల బండి వేళకు లేచును. అక్కడ అతనికి మంచమున్నది, భోజనపు వసతి యున్నది. బండికి అతనిచేత కావలి కాయింపరు. వందలమంది ప్రాణములు అతని మేలుకువపై ఆధారపడియున్నవి కావున ఆ నిద్రకు గౌరవమున్నది. మన కుర్రవాని మేలుకువపై అతని నడుము, అతని ప్రాణము మాత్రమే ఆధారపడియున్నవి. అంతమాత్రమున అతని నిద్ర చులకన కావలెనా?

ఇక చెప్పక తప్పని మాట యొకటి. 2019 మే 9న పూనా సమీపమున ఉరుళి దేవాచిలో ఒక చీరల దుకాణమునకు నిప్పంటుకొని, లోపల నిద్రించుచున్న ఐదుగురు పనివారు మరణించిరి. వెలుపల తాళము వేసియున్నది. ఆ ఏడాదియే డిసెంబరు 8న ఢిల్లీ అనాజ్ మండీలో తెల్లవారకముందే 43 మంది పోయిరి. వారిలో పలువురు పనిచోటనే నిద్రించినవారు. 2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గోదాము పైఅంతస్తున పండుకొనిన బీహారు కూలీలు 11 మంది మరల లేవలేదు. తాళము సరుకును కాపాడుటకు వేయుదుము. లోపల మనిషి యున్నపుడు ఆ తాళము ఎవరిని కాపాడుచున్నది?

కావున ఆ రాత్రి ఎవరిదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు: తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది? తలుపు లోపలినుండి తీసికొని, తన ఇచ్చ వచ్చినపుడు వెలుపలికి పోగలిగినచో ఆ రాత్రి అతనిది. మనము చోటిచ్చిన ఉపకారులము. తాళపుచెవి మన దిండు క్రింద నున్నచో ఆ రాత్రి మనము తీసికొన్నది, అది బాకీ.

"అతడే అడిగి పండుకొనుచున్నాడు" అని కొందరందురు. పండుకొననని చెప్పినను కొలువు నిలుచునేని ఆ మాట నిజమే. కాదనుటకు వీలులేనివాని ఔనును సమ్మతిగా లెక్కింపరాదు. "దొంగల భయము లేదా?" అని మరికొందరందురు. ఉన్నది. అందుకు కావలివానిని పెట్టి జీతమీయవలెను. పగలు పనిచేసి అలసినవాని నిద్రలోనుండి కావలిని ఉచితముగా పిండుకొనుట పొదుపు కాదు.

చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నాలుగింటికి లేవవలసినవానిని రాత్రి తొమ్మిదింటికైనను విడిచిపెట్టవలెను. సరుకు నడుమ గాక, గాలి వచ్చునట్టి, రెండవ దారి యున్నట్టి చోట మంచము వేయింపవలెను. నడిరేయి లేపి పని చేయించుకొన్నచో ఆ గంటలను మరునాడు చిట్టాలో అతని పేర జమ వ్రాయవలెను. మనకు రావలసిన పైసను మరువని మనము, ఇతరులకు మనమీయవలసిన దానినిగూడ అదే శ్రద్ధతో వ్రాసికొన్ననాడే మన లెక్క సరియైనదగును.