శేషాచలము - శిలల వయస్సు

తిరుమల ఘాట్ రోడ్డున పోవు భక్తుల దృష్టి సాధారణముగా లోయమీదనో మలుపులమీదనో యుండును. ప్రక్కనున్న కొండకోతను పరికించువారు తక్కువ. అచ్చట క్రింద గ్రానైటు శిల, పైన గోడవలె నిట్టనిలువుగా లేచిన క్వార్ట్‌జైటు, రెంటినడుమ నొక గీత. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ యందురు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకములలో చేర్చినది.

భూమిలోపలి ద్రవశిల గ్రానైటును చీల్చుకొని వచ్చి గడ్డకట్టగా ఏర్పడిన నల్లని డోలరైటు పట్టెలు ఆ గీతకడనే తెగిపోవును; పైపొరలోనికి పోవు. పైది నీటి అడుగున పేరుకొన్న ఇసుక బిగిసి ఏర్పడిన రాయి. కావున ఇసుక చేరుటకు ముందే క్రింది శిల పుట్టినది, చీలినది, అరిగినది. ఇచ్చట జాడ మిగులని ఆ కాలము సుమారు 80 కోట్ల సంవత్సరములని అంచనా.

ఆదిశేషుని అంశమని పురాణములు కీర్తించు గిరి ఇసుకరాయి యనుట ఎట్లు పొసగునని భక్తునికి సందేహము కలుగవచ్చును. శాస్త్రజ్ఞుల మాట అబద్ధమని త్రోసివేయుట ఒక మార్గము. మరియొకటి ఇంకను ఆకర్షణీయమైనది: బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములు, భూమి వయస్సు సుమారు 454 కోట్లు, కనుక అంతయు సరిపోయినదని సంతోషించుట. ఈ సంతోషము నాకు రుచింపదు. రేపు కొలత మారినచో విశ్వాసమును గూడ మార్చుకొందుమా?

భగవద్రామానుజుల సంప్రదాయము ప్రత్యక్షానుమాన శబ్దములను మూడింటిని ప్రమాణములుగా గైకొన్నది. తెగిన పట్టెను చూచి ముందువెనుకలను గ్రహించుట, పొగను చూచి నిప్పును గ్రహించుట వంటిదే, అది అనుమానము. దానికి అందని విషయమును తెలుపుటకే శబ్దము. రాయి ఎన్నడు బిగిసెనో చెప్పుట వేదము పని కాదు. కొండ ఎవరి సేవకై నిలిచినదో చెప్పుట కొలపరికరము పని కాదు. పైగా, చేతనాచేతనములన్నియు భగవంతుని శరీరమే యని మన సిద్ధాంతము. ఇసుకయు, ద్రవశిలయు ఆ శరీరమునకు వెలుపలివి కావు గదా! అట్టి వారికి ఇసుకరాయి యన్న మాట నింద యెట్లగును?

ఆచార్యులు ఈ కొండను పాదములతో త్రొక్కనొల్లక మోకాళ్లతో ఎక్కిరని ఐతిహ్యము. శేషుడే యని చేతులు జోడించి, దిగునపుడు ఆ రాతిమీదనే రంగుతో పేరు వ్రాయువాడు ఒకడు; నామము ధరింపకున్నను, ఒక పెచ్చు సైతము ఊడగొట్టవలదని వేడుకొను శాస్త్రజ్ఞుడు మరియొకడు. వీరిలో ఆచార్యుల అడుగుజాడకు దగ్గరివాడెవడో నిర్ణయించుట నాకు కష్టముగా తోచలేదు. ఆలయమునకు ఉత్తరముగా సుమారు ఒక కిలోమీటరు దూరమున, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల శిలాతోరణమును గాలియు నీరును ఇదే క్వార్ట్‌జైటులో తొలిచినవి. దాని చుట్టు ఇప్పుడు కంచె వేసియున్నారు.