ముందు ఆశ్రయం, తర్వాతే ఉపదేశం

కడప జిల్లా పొలిమేర దాటి నల్లమలలోకి వెళితే అహోబిలం వస్తుంది. అక్కడి నరసింహుడి కథ అనగానే మనకు స్తంభం గుర్తొస్తుంది. అంతకుముందు ఒక చూలింత పడిన కష్టం గుర్తురాదు. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు ఇంద్రుడు చూలింతగా ఉన్న అతని భార్య లీలావతిని పట్టుకుపోయాడు. రాక్షసుడికి పుట్టేది రాక్షసుడేనని, బిడ్డ పుట్టగానే చంపుదామనుకున్నాడు. నారదుడు అడ్డుపడి ఆమెను తన ఆశ్రమంలో ఉంచాడు. అక్కడ విన్న బోధను కాలం గడిచేకొద్దీ తల్లి మరిచిపోయిందట. కడుపులో ఉండి విన్న ప్రహ్లాదుడు మాత్రం మరవలేదు.

పుట్టని బిడ్డకు నిజంగా చేరేదేమిటి? ఆరో నెల దాటేసరికి శబ్దాలు వినబడతాయి. 1986లో డికాస్పర్, స్పెన్స్ అనే అమెరికా పరిశోధకులు గర్భిణుల చేత చివరి ఆరు వారాలు ఒకే కథను రోజూ పైకి చదివించారు. పుట్టాక ఆ పసివాళ్లు కొత్త కథ కంటే ఆ పాత కథ వైపే మొగ్గారు. వాళ్లకు అర్థం తెలియదు. లయ తెలుసు.

మరి మనం ప్రేమించేది ఆ బిడ్డనా, బిడ్డ మీద పెట్టుకున్న మన కోరికనా? కడుపు తీరు చూసి మగపిల్లాడేనని మురిసే ఇంట్లో ఆడపిల్ల పుడితే ఆ మురిపెం ఏమవుతుంది? ముఖం చూడకముందే ఇంద్రుడు తీర్పు చెప్పాడు. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చేయాల్సి వచ్చిందంటే, ఆ తీర్పు మన ఇళ్లలోనూ ఉన్నట్టే.

ఇక తల్లి సంగతి. మంచిమాటలే వినాలి, మంచే తలచాలి అని చూలింతకు చెబుతాం. భర్త కువైట్‌లో, అప్పు ఊళ్లో, నీళ్ల కోసం ఎదురుచూపు వాకిట్లో ఉన్న మనిషికి ప్రశాంతంగా ఉండమని చెప్పినంత మాత్రాన ప్రశాంతత వస్తుందా? కొందరికి బిడ్డ తొలిసారి కదలగానే మమకారం పొంగుతుంది. కొందరికి కాన్పయ్యాక గానీ కలగదు. అందులో తప్పేముంది? తల్లి కావడాన్ని ఆమెకు పరీక్షగా పెట్టే హక్కు ఎవరికుంది?

నారదుడు లీలావతికి ముందు భయం తీర్చాడు, ఆ తర్వాతే బోధించాడు. ఆ వరుసలోనే నాకు ధర్మం కనిపిస్తుంది. బిడ్డ వినేది తల్లి గొంతే అయితే, ఆ గొంతు వణకకుండా చూడటం చుట్టూ ఉన్న మనందరి పని. కడుపులోని బిడ్డతో ఏం మాట్లాడుతున్నావని ఆమెను అడిగే ముందు, ఆమెతో మనం ఎలా మాట్లాడుతున్నామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.