వాదన గెలిచావు సరే, మాత్ర వేసుకున్నాడా?

నీ మనసు మంచిదే కన్నా, తొందరే ఎక్కువ. పొద్దున్నే ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మీ నాన్న ఓ ఫార్వర్డ్ పెట్టాడు. 40 రోజులు పరగడుపున కాకరకాయ రసం తాగితే షుగరు మాత్రలతో పనే ఉండదట. నువ్వు ఆఫీసు బస్సులో కూర్చునే జవాబు కొట్టేశావు. మూడు లింకులు, ఒక డాక్టరు వీడియో, కింద "కాస్త చదివి పెట్టండి నాన్నా" అని ఒక ముక్క. బాబాయి చూశాడు, మేనత్త చూసింది, నిన్నగాక మొన్న ఇంటికొచ్చిన వదిన కూడా చూసింది. ఎవరో పకపకా నవ్వే బొమ్మ పెట్టారు. నువ్వు రాసినదాంట్లో అక్షరం తప్పు లేదు. కానీ ఆ రాత్రి అన్నం తిన్నాక మీ నాన్న మాత్రల అట్ట తీశాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు, మళ్ళీ సొరుగులో పడేశాడు. వాదన నువ్వే గెలిచావు. మాత్ర మాత్రం అట్టలోనే ఉంది.

చదువుకున్న పిల్లలందరిదీ ఇదే వరస. నిజం చెప్పేస్తే చాలు, ఎదుటి మనిషి మారిపోతాడనుకుంటారు. మారకపోతే ఇంకాస్త గట్టిగా చెబుతారు. నేను కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనదాన్ని. పెద్దమ్మ మళ్ళీ పాఠం మొదలెట్టిందని విసుక్కోకుండా ఒక్క నిమిషం కూర్చో.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. అమెరికాలో మంచి మాంసమంతా సైన్యానికి పోతోంది. ఇళ్ళల్లో గుండెకాయ, మూత్రపిండాలు వంటివి వండుకుంటే బాగుంటుందని ప్రభుత్వం కోరిక. మన దగ్గరైతే బోటికీ కార్జానికీ ఆదివారం పొద్దున్నే దుకాణం ముందు నిలబడతారు గానీ, అక్కడి ఇల్లాళ్ళకి అవంటే ఏవగింపు. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు రెడ్‌క్రాస్‌లో పనిచేసే ఆడవాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టాడు. కొన్ని గుంపులకి చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు. బలం ఎంత, ఖర్చు ఎంత, దేశానికి మేలేమిటి, అన్నీ చెప్పించి, వండే పద్ధతి కాగితం మీద అచ్చేసి మరీ ఇప్పించాడు. మిగతా గుంపుల్లో మాత్రం, మనలాంటివాళ్ళు ఇవెందుకు వండరు అని అడిగించి, వాళ్ళనే మాట్లాడనిచ్చాడు. మా ఆయన ముట్టడని ఒకావిడ, ఉడికేటప్పుడు వాసనని ఇంకొకావిడ, ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు. చివర్లో, వండి చూసేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. కొన్నాళ్ళకి విచారిస్తే, ఉపన్యాసం విన్నవాళ్ళలో నూటికి 3 మంది వండారు. కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళలో నూటికి 32 మంది.

మాట్లాడుకోవడం వల్ల మారారా, చెయ్యెత్తడం వల్లా, పక్కావిడ కూడా ఎత్తిందని చూసినందువల్లా అని తర్వాతివాళ్ళు చాలా తర్జనభర్జన పడ్డారు. పడనీ. నాకు అందులోంచి కావలసింది ఒక్కటే. మనం చెప్పిన మాట మనిషి చెవి దాకానే పోతుంది. తన నోటితో తను అన్న మాట తనని పట్టుకుంటుంది. మీ నాన్న నోరు తెరిచే సందు నువ్వెక్కడిచ్చావు? మూడు లింకులతో మూసేశావు.

అసలాయన ఆ ఫార్వర్డ్ ఎందుకు నమ్మాడో ఆలోచించావా? తెలివితక్కువ వల్ల అనుకుంటే పొరపాటు. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ అనే ఆయన పోగుచేసి పెట్టాడు. అందులో ఓ చిత్రం ఉంది. భూమి కంపించింది గానీ ఇళ్ళు కూలని చోట, జనం నిక్షేపంగా ఉన్న చోట, ఇంతకంటే పెద్ద ఉపద్రవం రాబోతోందన్న పుకార్లు తెగ తిరిగాయి. భయపడి ఉన్నవాళ్ళు ఇంకా భయపడే మాటలే ఎందుకు నమ్మారు? అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టుకి ఈ ప్రశ్నే పట్టుకుంది. గుండెల్లో దడ ముందే ఉంది, దానికి తగ్గ కారణమే కళ్ళెదుట లేదు, ఆ లోటు పుకారు తీర్చింది అన్నాడు. 1957లో ఆయన రాసిన పుస్తకానికి ఆ ఆలోచనే మొలక. రెండు పొసగని సంగతులు మనసులో ఉంటే మనిషికి ఊపిరాడదు, ఏదో ఒకదాన్ని సర్దేసుకుంటాడు. మీ నాన్న సంగతీ అంతే. నాకేం, రాయిలా ఉన్నాను అని 30 ఏళ్ళు అనుకున్న మనిషి. రోజూ మాత్ర చేతిలోకొచ్చి నువ్వు రోగివి అంటోంది. ఆ కాకరకాయ రసం ఆయనకి వైద్యం కాదమ్మా, ఊరట. నువ్వు ఆ ఊరటని నలుగురి ముందు లాగేశావు.

ఇంకా నయం, కాళ్ళు తీసేసిన ఫొటోలు పంపలేదు. పంపేవాళ్ళూ ఉన్నారు. 1953లో జానిస్, ఫెష్‌బాక్ అని ఇద్దరు, పళ్ళు తోముకోవడం గురించి బడిపిల్లలకి మూడు రకాలుగా చెప్పి చూశారు. పుచ్చిన పళ్ళూ వాచిన చిగుళ్ళూ చూపించి హడలగొట్టిన పిల్లల కంటే, మెల్లగా చెప్పించుకున్నవాళ్ళే ఎక్కువ మారారు. భయం అసలు పనికిరాదని కాదు. భయంతో పాటు, ఇదిగో ఇలా చెయ్యి అని చేతనయ్యే దారి చూపిస్తే పనిచేసిన సందర్భాలు తర్వాత బోలెడు తేలాయి. దారి చూపకుండా ఒట్టి భయం పెడితే మనిషి చెవులు మూసుకుంటాడు.

మరేం చెయ్యాలంటావా? గ్రూపులో నోరెత్తకు. ఇంటికెళ్ళినప్పుడు, టీవీ కట్టేశాక, పక్కన కూర్చుని, "మాత్ర వేసుకుంటే ఎలా ఉంటోంది నాన్నా?" అని అడుగు. అడిగి ఊరుకో. అదే నీకు కష్టం, నాకు తెలుసు. జవాబు జేబులో పెట్టుకుని అడిగితే పెద్దవాళ్ళు ఇట్టే పసిగడతారు, నిజంగా తెలుసుకోవడానికే అడగాలి. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి, ఆ మాత్ర వేసుకుంటే కడుపు ఉబ్బరం, ఊరెళ్ళాలంటే బస్సెక్కడానికి భయంగా ఉంటోందిరా అంటాడేమో. చూశావా? నీ లింకుల్లో ఉందా ఈ సంగతి? మరి డాక్టరుకి ఈ మాట చెబుదామా, ఎప్పుడు వెళ్దాం అను. రోజు ఆయన్నే చెప్పనీ. శనివారం అని ఆయన అంటే, అది ఆయన పెట్టుకున్న శనివారం.

ఆ తర్వాత శుక్రవారం దాకా ఆ ఊసెత్తకు. తోడేసిన పాలని గంటకోసారి మూత తీసి కదిపి చూస్తే పెరుగవుతాయా? మీరంతా సరిగ్గా ఇక్కడే చెడగొడతారు. మనిషి మెత్తబడీ మెత్తబడకముందే, "ఏమైంది, అపాయింట్‌మెంటు తీసుకున్నారా లేదా" అని రెండు ఫోన్లు. వెంటనే మళ్ళీ బిగుసుకుంటాడు. తన ఇష్టాన్ని ఎవరో లాక్కుంటున్నారనిపిస్తే మనిషి కావాలనే ఎదురు తిరుగుతాడని జాక్ బ్రెమ్ అనే ఆయన 1966లో పుస్తకమే రాశాడు. పసిపిల్లలున్న ఏ తల్లినడిగినా ఈ మాట చెబుతుందనుకో. ఇంకొకటి. రేపు ఆయన నిజంగానే మాత్రలు మొదలెట్టాడనుకో, "నేను అప్పుడే చెప్పలేదా?" అన్న మాట నీ నోట రాకూడదు. నాలిక చివర దాకా వస్తుంది, మింగెయ్. ఆయన తనంతట తాను మారాననుకోనీ. అనుకోవడమేమిటి, నిజంగా మారింది ఆయనేగా.

పిల్లల విషయంలోనూ ఇంతే. ఫోను ముట్టుకుంటే చంపేస్తానంటే నువ్వున్నంతసేపూ ముట్టుకోరు. 1963లో ఆరన్సన్, కార్ల్‌స్మిత్ అని ఇద్దరు, చిన్నపిల్లలకి ఇష్టమైన బొమ్మొకటి చూపించి ముట్టుకోవద్దన్నారు, కొందరికి మెత్తగా, కొందరికి గట్టిగా. ఎవ్వరూ ముట్టుకోలేదు. కానీ ఆ బొమ్మ మీద మోజు తగ్గినవాళ్ళు మెత్తగా చెప్పించుకున్న పిల్లల్లోనే కనిపించారు. గట్టిగా బెదిరించినవాళ్ళలో ఒక్కరికీ తగ్గలేదు.

తన నోటితో అన్న మాటే మనిషిని పట్టుకునే ఆ కిటుకు నీమీదా పనిచేస్తుంది, జాగ్రత్త. కాలిఫోర్నియాలో 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అని ఇద్దరు, మనుషుల్ని ఇల్లిల్లూ తిప్పించి, జాగ్రత్తగా బండి నడపండి అన్న పెద్ద వికారపు బోర్డు మీ ఇంటి ముందు పాతుతామని అడిగించారు. నూటికి 17 మందే సరేనన్నారు. అంతకుముందు అదే సంగతి మీద మూడంగుళాల కాగితం అంటించడానికి ఒప్పుకున్న ఇళ్ళలో మాత్రం నూటికి 76 మంది! అందుకే షాపులో "ఊరికే నంబరు ఇవ్వండి మేడమ్" అన్నప్పుడు, ఎవరో "ఒక్క నెల ఫ్రీగా వాడండి సార్" అన్నప్పుడు, ఆ చిన్న సరే దగ్గరే ఒక పూట ఆగు. ఇంట్లో అడిగి చెబుతానను, సిగ్గేం లేదు.

అన్నట్టు, మీ నాన్నకి షుగరు మరీ ఎక్కువై, నాలిక పిడచకట్టుకుపోయి, మగతగా ఉన్నాడనుకో, అప్పుడు కూర్చుని ఎలా ఉంటోంది నాన్నా అని అడుగుతూ కాలయాపన చెయ్యకు. ముందు 108కి ఫోన్ చెయ్యి. ఆయన ఎంత తిట్టుకున్నా సరే, ఎక్కించి తీసుకెళ్ళు.